అక్టోబరులో నొక్కితే మార్చిలో పేలింది

బ్రహ్మయ్యగారి గ్యారేజీలో కారు ఉండదు. కార్లు రెండూ బయట డ్రైవ్‌వేలో ఎండకి ఎండి, మంచుకి తడిసి, వాటి బతుకు అవి బతుకుతుంటాయి. లోపల మాత్రం ఆకురాళ్ళు, ఉలులు, చెక్కపొట్టు, మధ్యన ఒక పెద్ద పనిబల్ల, దాని చుట్టూ మడత కుర్చీలు. శనివారం మూడున్నరకి ఆ గ్యారేజీ తలుపు కిర్రుమంటూ పైకి లేచిందంటే, అరోరాలోని ఆ వీధిలో తెలుగు తెలిసినవాళ్ళు రెండు రకాలుగా చీలిపోతారు. పని ఉన్నవాళ్ళు కిటికీలు మూసుకుంటారు. పని లేనివాళ్ళు టీకి వస్తారు.

ఆ శనివారం వచ్చినవాళ్ళు ముగ్గురు. మొదటివారు డాక్టర్ రామమోహనరావుగారు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గుండెలు విని రిటైరయ్యారు, ఇప్పుడు బ్రహ్మయ్యగారి కోతలు వింటున్నారు. రెండోవాడు సాయి తేజ. ఎమ్మెస్ చదువుతున్న కరీంనగర్ కుర్రాడు, మిరపకాయ బజ్జీల కోసం పదిహేను మైళ్ళు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. మూడోది ప్రణీత. ఆమెకి రావడమంటూ లేదు, ఆ ఇంటి బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటోంది. సాయి తేజ క్లాస్‌మేటే. పగలంతా కాలేజీ మెషీన్ షాపులో ఇనుముకి బెజ్జాలు వేస్తుంది, సాయంత్రం వచ్చి బ్రహ్మయ్యగారి మాటలకి బెజ్జాలు వేస్తుంది. ఆయనకీ అదే ఇష్టం. ఆ పిల్ల ఎదురుగా లేకపోతే కోత సగంలోనే చప్పబడుతుందని ఆయనే ఒప్పుకున్నారు.

కానీ ఆ రోజు ప్రణీత మనసులో ఒక బరువుంది. బజ్జీల కోసం మిరపకాయలు చీలుస్తుంటే వంటింట్లో బ్రహ్మయ్యగారి భార్య కనకదుర్గగారు గొంతు తగ్గించి చెప్పిన సంగతి అది.

"రేపు పొద్దున్న పదింటికి పాత తుపాకుల క్లబ్బులో ఆయన తను చేసిన ఆ తుపాకీ పేల్చాలమ్మా. స్వయంగా చేసినవాడు అందరి ముందూ ఒక్కసారి పేలిస్తే, అక్కడున్న ఓక్ పలక మీద పేరు కాల్చి రాస్తారట. మొదటి ఏడు నడుం నొప్పన్నారు. పోయినేడు తప్పు నా మీదకి తోశారు. ఈ పని నేర్పిన ముసలాయన డ్వైట్, రేపే ఆఖరుసారి వస్తాడు. ఎల్లుండి అరిజోనాకి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఈసారి కూడా ఏదో వంక చెప్పి ఇంట్లో కూర్చున్నారనుకో, ఇక ఆ గ్యారేజీ తలుపు ఎత్తరు. రిటైరైన కొత్తలో ఎలా ఉండేవారో నువ్వు చూళ్ళేదు. టీవీ ఆపేసి ఉన్నా దాని ముందే కూర్చునేవారు."

ఇప్పుడా మనిషి టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఒళ్ళో అయిదడుగుల తుపాకీని పసిబిడ్డలా పడుకోబెట్టుకుని, గొంతు సవరించుకుంటున్నారు.

"దీన్నేమంటారో తెలుసా అబ్బాయ్? ఫౌలర్. పిట్టల తుపాకీ. ఈ దేశం ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న రోజుల్లో, పల్లెటూరి రైతు ఇంట్లో గోడకి వేలాడేది ఇదే. బాతుని కొట్టాలన్నా ఇదే, యుద్ధానికి రమ్మంటే భుజానేసుకు పోయేదీ ఇదే. కొత్తది కొనడానికి ఎవడి దగ్గర ఉంది? ఊళ్ళో ఉన్న పనివాడే, ఫ్రెంచివాడు పారేసిన, నిప్పు రాజేసే లాకు, డచ్చివాడి గొట్టం, ఇంగ్లీషువాడి ఇత్తడి, పెరట్లో పడిపోయిన చెట్టు కర్ర, దొరికినవన్నీ పోగేసి ఒకటిగా బిగించేవాడు. అంచేత ఏ ముక్కా ఏ ముక్కతోనూ కలవకూడదు. అప్పుడే అది ఆ కాలపు అసలు సరుకు. అన్నీ చక్కగా కలిశాయా, నకిలీ!"

"ఆ లెక్కన మీ ఇంట్లో కప్పులూ సాసర్లూ కూడా అసలు సరుకేనయ్యా," అన్నారు డాక్టర్‌గారు బజ్జీ అందుకుంటూ.

సాయి తేజ గడ్డి కోసే మిషను వెనక్కి కుర్చీ జరుపుకున్నాడు. "అంకుల్, మేం ఎఫ్-వన్ మీదున్నం. గిసొంటిది ముట్టుకుంటే వీసాకేమన్న అయితదా?"

"నిన్ను ముట్టుకోమన్నదెవరు? చెవులు ఇటు పెట్టు చాలు. పని ఎలా చేస్తుందో విను ముందు. మీట నొక్కగానే ఇదిగో, ఈ కొక్కెంలో ఉన్న చెకుముకి రాయి వెళ్ళి ఈ ఉక్కు రేకుని గీకుతుంది. రవ్వలు రాలి ఈ దొప్పలో ఉన్న చిటికెడు మందు మీద పడతాయి. అది భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి లోపలికి దూరి అసలు మందుని అంటిస్తుంది. క్లిక్, ఫుస్, ఢాం! మూడు చప్పుళ్ళు. కిటుకంతా ఆ ఫుస్సుకీ ఢామ్‌కీ మధ్యన ఉంది. గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

"సరే, లాకు ఎలా దొరికింది? ఇండియానాలో ఒక ఊరి సంతకి వెళ్ళాను. తుప్పుపట్టిన తలుపు బందుల బకెట్లో అడుగున ఉంది. పేరు లేదు, ముద్ర లేదు. మామూలువాడైతే వదిలేస్తాడు. నేను ముప్పై మూడేళ్ళు ఫౌండ్రీలో ఇనుము కరిగించినవాణ్ణి. నాలుక కొసకి తగిలించాను. 'పదిహేడు వందల నలభై రెండు, ఫ్రాన్సు, చలికాలంలో సాగ్గొట్టారు, సాగ్గొట్టినవాడికి ఎడంచేతి వాటం' అన్నాను. అమ్మేవాడు టోపీ తీసేశాడు! పక్క కొట్టువాడు పరుగెత్తుకొచ్చి తన గొడ్డలి చూపించాడు. దాన్నీ రుచి చూసి చెప్పాను. అంతే, క్యూ కట్టారు. సాయంత్రానికి మ్యూజియంవాళ్ళు వ్యాన్ వేసుకుని..."

"సాయంత్రానికి నా దగ్గరికొచ్చాడు," అన్నారు డాక్టర్‌గారు కుర్రాళ్ళ వైపు తిరిగి. "నాలుక వాచింది. టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చింది నేనే."

"అది మ్యూజియంవాళ్ళకోసం మరీ ఎక్కువ వస్తువులు రుచి చూడడంవల్ల! ఇక ఇత్తడి. ఇదిగో, ఈ భుజానికి ఆనే పట్టీ, మీట చుట్టూ ఉన్న ఈ వంపు, ఇవి నేనే పోత పోశాను. ఆ కాలంలో వాళ్ళు పాత కెటిళ్ళు కరిగించేవాళ్ళు. మనింట్లో కెటిల్ లేదు. ఏదో పాతది, ఎవరూ వాడనిది, ఒక చెంబు..."

"ఎవరూ వాడనిదా?" కనకదుర్గగారు రెండో వాయి బజ్జీలతో అప్పుడే గడప దాటారు. "అది మా అమ్మ తెనాలి నుంచి పంపిన మరచెంబు. మూత బిగిస్తే చుక్క నీరు కారేది కాదు. నేను గుడికి వెళ్ళొచ్చేసరికి దాన్ని తుపాకీకి మడమ చేసి పెట్టారు."

"చరిత్రలోకి ఎక్కింది కదే!"

"నా చెంబు నాకు తెలియకుండా చరిత్రలోకి ఎక్కింది. సరే, ఎక్కింది కదా అని పోయినేడు దసరాకి ఆయుధపూజలో పెడదామని చింతపండు వేసి తోమాను. బంగారంలా మెరిసింది. తప్పా?"

బ్రహ్మయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "మూడు నెలలమ్మా ప్రణీతా! ఆ ఇత్తడి రెండు వందల డెబ్భై ఏళ్ళ పాతదానిలా కనబడాలని మూడు నెలలు ఆవిరి పట్టి, నల్లబరిచి, మసకబరిచి, బట్టలో చుట్టి పెట్టాను. ఈవిడ పది నిమిషాల్లో దాన్ని నిన్న కొన్న చెంబు చేసింది. ఆ మెరుపుతో డ్వైట్ ముందుకి ఎలా వెళ్ళను? అందుకే పోయినేడు కుదర్లేదు."

"చూశారా, నా మీదకి," అని కనకదుర్గగారు ప్రణీత వైపు ఒక్క చూపు చూసి, పళ్ళెం బల్ల మీద పెట్టి, తనూ కుర్చీ లాక్కున్నారు.

ఇక అసలు కథ మొదలైంది. అసలు కథకి బ్రహ్మయ్యగారికి రెండు చేతులూ కావాలి. బాతు సైజు చూపించాలి కదా. తుపాకీని డాక్టర్‌గారికిచ్చారు. డాక్టర్‌గారి వేళ్ళనిండా బజ్జీ నూనె. ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, దాన్ని ప్రణీత ఒళ్ళోకి బదిలీ చేశారు. సాయి తేజ కుర్చీ మరో అడుగు వెనక్కి వెళ్ళింది.

"నా తుపాకీకి ఫుస్సుకీ ఢామ్‌కీ మధ్య ఎడం కొంచెం ఎక్కువ. అది దోషం కాదు, గుణం. మొదటిసారి నొక్కినప్పుడు అర సెకను. ఆ అర సెకన్లో బాతు నాలుగు గజాలు జరిగిపోయింది. ఇంకోడైతే తుపాకీని తిట్టేవాడు. నేను లెక్క కట్టాను. మర్నాడు బాతుకి నాలుగు గజాల ముందు, ఏమీ లేని ఆకాశానికి గురిపెట్టి నొక్కాను. బాతు సరిగ్గా అక్కడికి నడిచొచ్చినట్టు వచ్చి, పడింది!"

"మరి బాతేదీ అంకుల్?" అంది ప్రణీత.

"శనివారం కదమ్మా. శనివారం మనం ముట్టం. వదిలేశాను."

"కొట్టినదాన్ని వదలడమేంటయ్యా?" అన్నారు డాక్టర్‌గారు.

"మూర్ఛపోయిందంతే. మొహాన నీళ్ళు చల్లాను. లేచి, రెక్కలు దులుపుకుని, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై వారం వాన ముసురు. మందు కొంచెం చెమ్మగిల్లింది. నది ఒడ్డున నిలబడి నొక్కాను. క్లిక్. ఫుస్. అంతే, ఢాం లేదు. ఇంతలో ఫోను. మా అమ్మాయి శ్రీవిద్య, సియాటిల్ నుంచి. తుపాకీ దించకూడదు, ఎప్పుడు పేలుతుందో తెలీదు. భుజాన అలాగే పెట్టుకుని, చెవికి ఫోను ఆనించి, అల్లుడి ప్రమోషను సంగతి, పిల్లాడి పళ్ళ సంగతి, మొత్తం ఇరవై నిమిషాలు మాట్లాడాను. పైన బాతులు వెళ్ళిపోతున్నాయి. అయితే అవి ఎలాంటి బాతులు? గుడి పార్కింగ్‌లో తిరిగేవి. శనివారం పులిహోర తిని తిని బరువెక్కినవి. గంటకి పన్నెండు మైళ్ళు మించి ఎగరలేవు. ఇరవై నిమిషాలంటే నాలుగు మైళ్ళు. గొట్టాన్ని మెల్లిగా తూర్పుకి తిప్పి, నేపర్‌విల్ పైన ఆకాశంలో పెట్టాను. 'ఉంటానమ్మా' అని ఫోను పెట్టేశాను. ఢాం!"

"గన్నుకి నాలుగు మైళ్ళ రేంజ్ ఉంటదా అంకుల్?"

"గొట్టం పొడుగు చూడు అబ్బాయ్, నలభై నాలుగు అంగుళాలు! అది ఊరికే ఉంటుందా? బాతు నేపర్‌విల్‌లో ఒకాయన బార్బెక్యూ పక్కన పడింది. ఆయన తెలుగాయనే. ఫోన్ చేసి, 'బ్రహ్మయ్యగారూ, మీదేనా?' అన్నాడు. పులిహోర ఘుమఘుమ బట్టి గుర్తుపట్టాడు!"

డాక్టర్‌గారు పొలమారి దగ్గారు. కనకదుర్గగారు ఆయనకి మంచినీళ్ళు అందించారు. ప్రణీత నవ్వుతూ తుపాకీని తిప్పి చూస్తోంది. నిజం చెప్పాలంటే ఆ వస్తువు మీద ఆమెకి చిన్నచూపు లేదు. కోతలు కోతలే గాని, చేతిలోకి తీసుకుంటే పని మాట్లాడుతుంది. చెర్రీ కర్రలోకి లాకు ఎంత బిగుతుగా దిగిందంటే, చుట్టూ గోరు కూడా దూరదు. గొట్టం కింద కర్రని రేకులా పల్చగా చెక్కారు. ఎక్కడా ఉలి జారలేదు. మొన్న దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఒకటి దొప్ప పక్కన గొట్టం మీద ఎర్రగా, మందంగా, ఎండిపోయి ఉంది.

'అయ్యో, సరిగ్గా బెజ్జం మీద పెట్టారే. పూడుకుపోతుంది కదా' అనుకుంది ప్రణీత.

బెజ్జం శుభ్రం చేసుకోవడానికి సన్నటి ఇత్తడి తీగ ఒకటి తుపాకీకే గొలుసుతో వేలాడుతోంది. దాంతో కుంకుమని మెల్లిగా గీకింది.

"అసలుది ఇప్పుడు చెప్తున్నా," బ్రహ్మయ్యగారు కుర్చీ అంచుకి జరిగారు. "పోయినేడు అక్టోబరు ఇరవై రెండు. ఆఖరి గుంపు దక్షిణానికి వెళ్ళిపోతోంది. ముందు ఎవరున్నారనుకున్నారు? నేను మొహాన నీళ్ళు చల్లిన బాతు! పగబట్టి నాయకురాలైంది. నొక్కాను. క్లిక్. ఫుస్. అయిదు నిమిషాలు. పది. గంట. చీకటి పడింది. ఏం చెయ్యను? అలాగే ఇంటికి తెచ్చాను. ఎప్పుడో ఒకప్పుడు పేలుతుంది, కాబట్టి పద్ధతిగా పెట్టాలి. ఆ బాతులు మళ్ళీ మార్చిలో దక్షిణం నుంచే రావాలి కదా. డైనింగ్ టేబుల్ మీదుగా, దక్షిణం కిటికీలోంచి గొట్టం బయటికి పెట్టి, బిగించాను. నాలుగున్నర నెలలు! థాంక్స్‌గివింగ్‌కి వచ్చినవాళ్ళు కూడా దాని కింద వంగి భోజనం చేశారు. అడగండి ఈవిణ్ణి."

"మా డైనింగ్ టేబుల్‌కి దక్షిణాన కిటికీ లేదు," అన్నారు కనకదుర్గగారు.

"పెట్టించాను, తర్వాత తీయించాను! మధ్యలో ఆగకండి. నేను లెక్క కట్టాను. గాలి తేమ, మందు వయసు, బాతుల పులిహోర బరువు, అన్నీ కలిపితే మార్చి పధ్నాలుగు, ఉదయం ఏడూ ఇరవై. ఆ రోజు వచ్చింది. ఏడూ ఇరవై అయింది. పేలలేదు! నా గుండె ఆగినంత పనైంది. జీవితంలో మొదటిసారి లెక్క తప్పానా అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అప్పుడు తట్టింది. ఆ వారమే గడియారాలు గంట ముందుకి తిప్పాం! తుపాకీకేం తెలుసు డేలైట్ సేవింగు? సరిగ్గా ఎనిమిదీ ఇరవైకి, నేను ఉప్మాలో నిమ్మకాయ పిండుతుంటే, ఢాం! గుండ్లు బయటికొచ్చి, ఆకులు లేని చెట్లు చూసి, మంచు చూసి, ఇదేం నెలా అని ఒక్క క్షణం గాల్లో ఆగాయి. నా రెండు కళ్ళతో చూశాను! నేను కిటికీలోంచి 'మార్చి, మార్చి!' అని అరిచాను. అప్పుడు కదిలాయి. అక్కడ ఆ బాతు తన సంతానంతో, మొత్తం నలభై ఒక్కటి..."

ప్రణీత ఆ నలభై ఒక్కటీ వినలేదు.

కుంకుమ కింద బెజ్జం లేదు.

తీగ కొస ఇనుముకి టిక్కుమని తగిలి ఆగిపోయింది. స్వెట్టర్ అంచుతో తుడిచి చూసింది. ఫోను లైటు వేసి చూసింది. ఒక చిన్న గుంట ఉంది. డ్రిల్లు జారకుండా, వెయ్యబోయే చోట ముందుగా సుత్తితో పెట్టుకునే గుంట. ఆమె మెషీన్ షాపులో రోజుకి పది పెడుతుంది. దాని అంచులు బొటనవేలితో రాసి రాసి నున్నగా అద్దంలా అయిపోయాయి. అంతే. అంతకుమించి ఇనుములో ఏ దారీ లేదు. ఈ తుపాకీ ఇంతవరకూ పేలలేదు. ఇలా ఉంటే రేపు పదింటికీ పేలదు.

నవ్వు గొంతుదాకా వచ్చింది. కనకదుర్గగారి మొహం చూడగానే అక్కడే ఇరుక్కుంది. ఆవిడ భర్తనే చూస్తున్నారు, మురిపెంగా కాదు, రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి సిగ్నల్ చూసినట్టు. మాట్లాడకుండా ఉంటే ఈ మధ్యాహ్నం హాయిగా అయిపోతుంది. రేపు పొద్దున్న ఆయనకి జలుబో జ్వరమో తగులుతుంది. డ్వైట్ వెళ్ళిపోతాడు. ఈ తలుపు దిగుతుంది. మాట్లాడితే, నలుగురిలో ఆయన పరువు.

ప్రణీతకి చేతనైన భాష ఒక్కటే. ఆట పట్టించడం. అందులోనే అడిగింది.

"అంకుల్, నాదొక టెక్నికల్ డౌటు."

"అడుగమ్మా, ఇంజినీరువి."

"ఆ ఫుస్సు అక్టోబరు నుంచి మార్చిదాకా లోపలికి వెళ్ళడానికి దారి వెతుక్కుందంటారు."

"వెతుక్కుంది."

"ఏ దారిన వెళ్ళింది?"

"ఇంకే దారి? బెజ్జంలోంచి."

"ఏ బెజ్జంలోంచి అంకుల్?"

ఆమె తుపాకీని ఆయన వైపు తిప్పి పట్టుకుంది. కుంకుమ పోయిన చోట ఇనుము బూడిదరంగులో, అమాయకంగా మెరుస్తోంది. డాక్టర్‌గారు కళ్ళజోడు పైకి తోసుకుని వంగారు. సాయి తేజ గడ్డి మిషను మీదుగా మెడ చాచాడు. వీధిలో ఎవరో ఆకులు ఊడ్చే మిషను ఆపారు.

బ్రహ్మయ్యగారు తడబడలేదు. ఆయన కోతల జన్మలో అదే గొప్ప క్షణం. ఛాతీ నిండా గాలి పీల్చి అన్నారు:

"బెజ్జం ఉన్న తుపాకీని ఎవడైనా పేలుస్తాడమ్మా!"

గ్యారేజీ పైకప్పు ఎగిరిపోయినంత నవ్వు. డాక్టర్‌గారి కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. "నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేశానయ్యా, దారి లేకుండా రక్తం ప్రవహించిన గుండెని నేనెప్పుడూ చూళ్ళేదు!" అన్నారు. సాయి తేజ లేచి నిలబడ్డాడు. "ఆగండి ఆగండి. బెజ్జం లేకపోతే గిది గన్నే కాదు కదా? అయితే నేను పట్టుకోవచ్చు!" అంటూ మొదటిసారి గడ్డి మిషను దాటి వచ్చి, రెండు చేతులా తుపాకీని అందుకుని, "జర ఫొటో తీయవే ప్రణీతా, అమ్మకి పంపిస్త," అన్నాడు.

బ్రహ్మయ్యగారు కూడా నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వారు. కానీ అందరికన్నా ముందు ఆపేశారు.

"బొట్టు నేను పెట్టలేదమ్మా," అన్నారు కనకదుర్గగారు నెమ్మదిగా. "నేను గొట్టం కొస మీద పెట్టాను. అక్కడ పెట్టింది ఆయనే."

ఆయన చెయ్యి చాచారు. సాయి తేజ తుపాకీ ఇచ్చేశాడు. బొటనవేలు తనంత తనే వెళ్ళి ఆ గుంట మీద ఆగింది.

"రెండేళ్ళయింది ఆ గుంట పెట్టి," అన్నారు. ఆ గొంతు కథ చెప్పే గొంతు కాదు. "మిగతా అంతా అయిపోయాకే ఇది వెయ్యాలి. దొప్పకి సరిగ్గా పైన, మరీ కిందకి రాకుండా, వెనక్కి పోకుండా. వెంట్రుకవాసి తప్పితే మంట లోపలికి పోదు. తప్పితే సరిచెయ్యొచ్చు, పెద్ద బెజ్జం వేసి కొత్త మర బిళ్ళ బిగిస్తారు. కానీ అది ఈ కాలపు పని. డ్వైట్ పొలంలో పడిపోయిన చెర్రీ చెట్టు ఈ కర్ర. కోసి, రెండేళ్ళు ఆరబెట్టి, నా చేతిలో పెట్టి 'పాడుచెయ్యవులే' అన్నాడు. ఫౌండ్రీలో ముప్పై మూడేళ్ళు నేను దేనికీ భయపడలేదు. ఎందుకో తెలుసా? పోత చెడితే మళ్ళీ కరిగించేవాళ్ళం. మళ్ళీ పోసేవాళ్ళం. చెడిపోయేది ఏదీ లేదక్కడ. ఇది కరిగేది కాదు."

డాక్టర్‌గారు చేతులు నాప్‌కిన్‌కి తుడుచుకున్నారు, చాలా శ్రద్ధగా, ఒక్కో వేలూ.

"ఎంత డ్రిల్లు బిట్టు అంకుల్? అంగుళంలో పదహారో వంతేనా?" అంది ప్రణీత.

"పదహారో వంతే. ఎందుకు?"

"నేను మట్టం పట్టి చూస్తుంటాను. పక్కకి పోతే చెప్తాను. మా షాపులో ఫస్ట్ ఇయర్ వాళ్ళకి నేనే చెప్తాను, పాపం సగం మంది ఏడుస్తారు. మీరు ఏడ్చినా ఫర్వాలేదు."

"ఇప్పుడా? వద్దులే. శనివారం. రాహుకాలం..."

"శనివారం రాహుకాలం పొద్దున్న పదిన్నరకే వెళ్ళిపోయింది," అన్నారు కనకదుర్గగారు. "ఇప్పుడు నాలుగూ పది. బోలెడు వెలుగుంది. నా మరచెంబు ఊరికే కరిగిందనుకోమంటారా?"

బ్రహ్మయ్యగారు లేచారు. తుపాకీలోంచి గొట్టాన్ని విడదీసి, లోపల వెలుగు పెట్టి చూసి, బల్లకున్న పట్టులో తోలుముక్కలు వేసి బిగించారు. గోడకి కరెంటు డ్రిల్లు వేలాడుతోంది, దాని జోలికి పోలేదు. చేత్తో తిప్పే పాతది తీశారు. డాక్టర్‌గారు చెప్పకుండానే టార్చి పట్టుకున్నారు. సాయి తేజ వీసా సంగతి మరిచి బల్ల కాళ్ళు కదలకుండా అదిమి కూర్చున్నాడు. ప్రణీత ఒక కన్ను మూసి బిట్టుని గొట్టం వెంట చూసింది.

"కొంచెం మీ వైపుకి. ఇంకొంచెం. ఆఁ, అంతే. ఇక తిప్పండి."

మొదటి చుట్టు తిప్పి ఆగి చూశారు. రెండో చుట్టుకి కూడా ఆగారు. మూడో చుట్టుకి సన్నటి ఇనప పొట్టు ఒకటి మెలికలు తిరుగుతూ పైకి లేచింది, వెండి వెంట్రుకలాగా. దాన్ని చూడగానే ఆ చెయ్యికి తన పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది, ఆగడం మానేసింది. ఒక్క కోత కూడా కొయ్యకుండా బ్రహ్మయ్యగారు ఏడు నిమిషాలు ఉండగలరని ఆ రోజే అందరికీ తెలిసింది. ఏడో నిమిషంలో బిట్టు టక్కున లోపలికి జారింది.

ప్రణీత చెయ్యెత్తి ఆపింది. వంగి చూసింది. గొట్టం విప్పి కర్రలో తిరిగి కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. దొప్పకి సరిగ్గా పైన ఉంది, నల్లటి చుక్క. నువ్వుగింజంత.

ఇలాంటప్పుడు డ్వైట్ ఏం చేస్తాడో బ్రహ్మయ్యగారు అదే చేశారు. తుపాకీని తిప్పి, నాలుగడుగుల గొట్టం కొసకి పెదాలు ఆనించి, ప్రణీతకి సైగ చేశారు. ఆమె బెజ్జం పక్కన అరచెయ్యి పెట్టింది. ఆయన బుగ్గలు పూరించి ఊదారు.

"వస్తోందా?" అన్నారు, పెదాలు తియ్యకుండానే. ఆ మాట గొట్టంలో దూరి బూరలా మోగింది.

ప్రణీత మొహంలో ఏ భావమూ లేదు. ఒక సెకను. రెండు. మూడు. కనకదుర్గగారు కుర్చీలోంచి సగం లేచారు.

"చెప్పవే తల్లీ!" అన్నారు డాక్టర్‌గారు.

"తొందరపడకండి," అంది ప్రణీత. "అంకుల్ తుపాకీ కదా. మార్చిదాకా చూద్దాం."

బ్రహ్మయ్యగారికి నవ్వాగలేదు. పెదాలు ఇంకా గొట్టం మీదే ఉన్నాయి. ఆ నవ్వుకి పోవడానికి వేరే చోటు లేక లోపలికే పోయింది. నలభై నాలుగు అంగుళాల ఇనుములోంచి ప్రయాణం చేసి, ఆ నువ్వుగింజంత బెజ్జంలోంచి దూరి, ఇనప పొట్టు నలుసులతో, అల్లం టీ వాసనతో, వెచ్చగా, ఉఫ్ ఉఫ్ ఉఫ్ అని తుంపులు తుంపులుగా ప్రణీత అరచేతి మీద పడింది.